ఖాళీ వేరు, సున్నా వేరు

బ్యాంకు ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ మొదటి నెలలోనే నేర్చుకునే పాఠం ఒకటుంది. శాఖలో ఫలానా రకం లావాదేవీ ఆ నెల ఒక్కటి కూడా జరగకపోయినా, దాని తాలూకు స్టేట్‌మెంటు పై ఆఫీసుకు పంపి తీరాలి. కాగితానికి అడ్డంగా 'నిల్' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి పంపాలి. "ఏమీ లేదు గదా, పంపడం ఎందుకు?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఏమీ లేదని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. నిల్ స్టేట్‌మెంటు పంపిన శాఖలో లావాదేవీలు లేవని తెలుస్తుంది. స్టేట్‌మెంటే పంపని శాఖలో ఏముందో పైవాడికే తెలియాలి. చెక్కు మీద అంకెల పక్కన గీత గీయడం, అక్షరాలలో రాసిన మొత్తం చివర 'మాత్రమే' అని చేర్చడం కూడా ఇందుకే. ఖాళీ జాగాను అలా వదిలేస్తే అందులోకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్లను ఇవాళ్టికీ తిప్పలు పెడుతున్న సంగతి కూడా సరిగ్గా ఇదే. కామర్సు చదివి వోచర్లు చూసుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. బరంపురం, హోసూరు, బళ్లారి, షోలాపూరు, యానాం - మన ఊళ్లు ఏవైనా, ఇంటికొకరో ఇద్దరో పిల్లలు ఈ పనిలోనే ఉన్నారు. వాళ్లు పగలంతా దేనితో కుస్తీ పడుతున్నారో పెద్దవాళ్లకు తెలిస్తే తప్పేముంది? మా మేనకోడలు బెంగుళూరులో కంపైలర్లు తయారుచేసే బృందంలో పనిచేస్తోంది. ఆమెను అడిగి తెలుసుకున్నదీ, ఆ తరువాత నేను చదువుకున్నదీ కలిపి, లెక్కలు తెలిసిన మనిషికి అర్థమయ్యే మాటల్లో ఇక్కడ చెబుతున్నాను.

దుబాసీ పని

కంపైలరు అంటే దుబాసీ. మనిషి ఇంచుమించు ఇంగ్లీషులాంటి భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసిన ఒకట్లు, సున్నాల భాషలోకి మార్చిపెట్టే మరో ప్రోగ్రాము. 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ భాషకు కంపైలరు తెచ్చినప్పటి నుంచి ఈ దుబాసీలు లేకుండా ప్రపంచంలో ప్రోగ్రాము నడవడం లేదంటే అతిశయోక్తి కాదు. మన ఇళ్లకు దుబాసీ పని కొత్తది కాదు. అమ్మమ్మ తెలుగులో చెప్పుకున్న బాధను డాక్టరుగారికి ఒడియాలోనో, తమిళంలోనో, కన్నడంలోనో చెప్పే మనవరాలు చేసేదీ అదే.

ఇప్పుడు ఆ అమ్మమ్మ నోరు తెరిచి, ఏమీ అనకుండా ఊరుకుందనుకోండి. మనవరాలు ఏం చెప్పాలి? "ఏమీ అనలేదండీ" అని చెబితే సరిపోతుంది. "అమ్మమ్మా, ఏమిటో చెప్పు" అని మళ్లీ అడిగినా మంచిదే. కానీ తనకు తోచింది కల్పించి చెప్పేస్తే డాక్టరు లేని జబ్బుకు మందు రాస్తాడు. దుబాసీ అక్కడే స్పృహ తప్పి పడిపోతే, అమ్మమ్మను వదిలేసి ఆ పిల్లకు వైద్యం చేయాల్సి వస్తుంది. ఖాళీ ఎదురైనప్పుడు కంపైలర్లు చేసే తప్పులు ఈ రెండు రకాలే: కల్పించడం, కూలిపోవడం.

దుబాసీ తప్పు చేస్తే నష్టం ఒక మాటతో ఆగదు. కంపైలరు కూడా మనుషులు రాసిన ప్రోగ్రామే. అందులో ఒక దోషం ఉంటే అది తర్జుమా చేసిన ప్రతి ప్రోగ్రాములోకీ ఆ దోషం వెళ్లే అవకాశం ఉంది. అందుకని కంపైలరు రాసేవాళ్లు తమ ప్రోగ్రాములో అడుగడుగునా తనిఖీలు పెట్టుకుంటారు. వీటిని అసర్షన్లు అంటారు. మన భాషలో ధ్రువీకరణ అనవచ్చు.

ఈ ధ్రువీకరణల వెనుక ఉన్న చరిత్ర తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. 1949 జూన్‌లో కేంబ్రిడ్జిలో జరిగిన ఒక సమావేశంలో అలన్ ట్యూరింగ్, పెద్ద ప్రోగ్రామును సరిచూడడం ఎలాగనే విషయం మీద చిన్న పత్రం చదివాడు. అంతటి మేధావి ఎత్తుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? కూడిక! నాలుగంకెల సంఖ్యలు కొన్ని వేసి, కింద మొత్తం ఒక్కటే రాసి ఇస్తే, సరిచూసేవాడు లెక్కంతా మళ్లీ మొదటి నుంచీ చేయాలి. అలా కాకుండా ఏ నిలువు వరస ఎంత వచ్చింది, పక్క వరసకు ఎంత మోశాము అన్నది కూడా రాసి ఉంచితే, ఒక్కొక్క వరసనూ విడివిడిగా చూసుకోవచ్చు. ప్రోగ్రాము రాసేవాడు కూడా మధ్య మధ్య "ఇక్కడికి వచ్చేసరికి ఇది ఇలా ఉండాలి" అని రాసి పెట్టాలని ఆయన చెప్పాడు. డే బుక్కులు చేత్తో కూడిన తరం వాళ్లెవరికీ ఈ ముక్క వేరే వివరించనక్కరలేదు.

సీ భాషలో దీనికి 'అసర్ట్' అనే సాధనం ఉంది. దానికొక షరతు ఇస్తాం. షరతు నిజమైతే ప్రోగ్రాము ముందుకు సాగుతుంది. అబద్ధమైతే ఏ ఫైలులో, ఎన్నో వరసలో తేడా వచ్చిందో చెప్పి, ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే ఎవరూ ఇంటికి వెళ్లడానికి లేదన్న పాత నియమం లాంటిదన్నమాట.

జవాబు లేని ప్రశ్నలు

ఒక జాబితా ఉంది. అందులో ఏమీ లేదు. దాని మొత్తం ఎంత? సున్నా. ఎన్ని అంశాలు? సున్నా. ఇక్కడిదాకా పేచీ లేదు. అన్నిటినీ గుణిస్తే ఎంత? ఒకటి అంటారు గణితం తెలిసినవాళ్లు. మొదట నాకూ వింతగానే అనిపించింది గానీ, చక్రవడ్డీతో ఆలోచిస్తే సరిపోయింది. సున్నా సంవత్సరాలకు వడ్డీ కడితే అసలు అసలుగానే ఉంటుంది, అంటే ఒకటితో గుణించినట్టే గదా.

అందులో అన్నిటికంటే పెద్దది ఏది? దీనికి జవాబు లేదు. సగటు ఎంత? సున్నాను సున్నాతో భాగించాలి. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నాకు గణిత నియమాలు రాస్తూ, సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. నేటి గణితం దాన్ని ఒప్పుకోదు, అసలు విలువే లేదంటుంది. సున్నాకు నియమాలు ఏర్పరచిన మహానుభావుడికే అక్కడ చిక్కు వచ్చిందంటే, ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్లను ఏమనగలం?

ఇక, ఆ జాబితాలో మొదటిది ఏది? కంపైలర్లలో ఎక్కువగా కొంప ముంచే ప్రశ్న ఇదే. పెళ్లిళ్లలో కొంతమంది కొత్తవాళ్లను పలకరిస్తూ "మీ పెద్దబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని మొదలుపెడతారు. పిల్లలు లేనివాళ్లు దానికి ఏం చెబుతారు? ప్రశ్నలోనే ఒక ఊహ దాగి ఉంది. "పిల్లలెంతమందండీ?" అని అడిగితే ఎవరైనా జవాబు చెప్పగలరు. మొదటి అక్షరం ఏది, చివరి ఆదేశం ఏది అన్నవి పెద్దబ్బాయి ప్రశ్నలు. అడిగే ముందు, ఉన్నారో లేరో తెలుసుకుని తీరాలి.

ఇంతకంటే మాయదారిది మరొకటుంది. శాఖలో నెలాఖరుకు ఒక అధికారి "వోచర్లన్నీ సరిచూశాను, ఒక్కదానిలోనూ తేడా లేదు" అని సంతకం పెట్టాడనుకోండి. కట్ట విప్పి చూస్తే అందులో వోచర్లే లేవు. ఆ ధ్రువీకరణ అబద్ధమా? తర్కశాస్త్రం ప్రకారం కాదు! తేడా ఉన్న వోచరు ఒక్కటీ లేదు గనుక అన్నీ సరిగానే ఉన్నట్టు లెక్క. 'అన్నీ' అనే మాట ఖాళీ కట్ట విషయంలో ఎప్పుడూ నిజమే. మొదటిది అడిగితే ఖాళీ దగ్గర ప్రోగ్రాము కూలుతుంది, కాబట్టి దొరికిపోతుంది. అన్నీ అని అడిగితే ఖాళీ చప్పుడు లేకుండా పరీక్ష నెగ్గి లోపలికి వచ్చేస్తుంది.

కంపైలరులో ఇదెలా వస్తుందో చూడండి. ఒక ఆదేశానికి అందే విలువలన్నీ ముందే తెలిసిన స్థిరాంకాలైతే ఆ లెక్కను కంపైలరు తానే చేసి, జవాబును ప్రోగ్రాములో రాసేయవచ్చు. ఐదును ఆరుతో గుణించడానికి ప్రతిసారీ యంత్రాన్ని కష్టపెట్టడం దేనికని ఈ ఏర్పాటు. బాగానే ఉంది. కానీ ఏ విలువలూ అందుకోని ఆదేశాలు కూడా ఉంటాయి. గడియారం చూసి ఎంతయిందో చెప్పమనే ఆదేశం అలాంటిది. "అందినవన్నీ స్థిరాంకాలేనా?" అన్న పరీక్ష ఒక్కటే పెట్టుకుంటే ఈ ఆదేశమూ నెగ్గుతుంది. తర్జుమా చేసిన రోజు సమయాన్నే ప్రోగ్రాములో శాశ్వతంగా చెక్కేస్తే, ఆ గడియారం జన్మలో కదలదు. కాబట్టి 'అన్నీ' అని రాసినచోటల్లా "అసలు ఏమన్నా ఉన్నాయా, లేకపోతే ఏం చేద్దాం" అని రెండో ప్రశ్న వేసుకోవడం మంచి బృందాలలో అలవాటు.

పేరు లేని విలువలు

మా మేనకోడలు పనిచేసేది ఎల్ఎల్‌వీఎం అనే కంపైలరు సామగ్రి మీద. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ ఆద్వే, ఆయన విద్యార్థి క్రిస్ లాట్నర్ మొదలుపెట్టిన పని ఇది. ఆపిల్ ఫోనుల ప్రోగ్రాముల నుంచి రస్ట్, స్విఫ్ట్ వంటి భాషల దాకా దీని మీదే ఆధారపడి ఉన్నాయి. దీనిలో లెక్క మధ్యలో పుట్టే ప్రతి విలువకూ ఒక పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పేరు లేనిదాన్ని పేరడిగితే అక్షరాలు లేని ఖాళీ పేరు ఇస్తుంది.

"ఈ పేరు మొదటి అక్షరం చుక్కా, కాదా?" అని ఒకరు రాశారనుకోండి. పెద్దబ్బాయి ప్రశ్నే. పేరు ఖాళీగా ఉంటే మొదటి అక్షరం ఎక్కడుంటుంది? అందుకే మొదటి అక్షరాన్ని ఇచ్చే సాధనంలోనే "ఇది ఖాళీ కాదు" అనే ధ్రువీకరణ పెట్టారు. తప్పు చేసినవాడు అక్కడే పట్టుబడాలి. అయితే ఎల్ఎల్‌వీఎం వారు కంపైలరును రెండు రకాలుగా కడతారు. ఒకటి తాము పరీక్షించుకోవడానికి, అందులో ధ్రువీకరణలన్నీ పనిచేస్తుంటాయి. రెండోది జనానికి ఇచ్చేది, వేగం కోసం అందులో ధ్రువీకరణలను తీసేస్తారు. సీ భాషలో 'ఎన్‌డీబగ్' అనే మాట ఒకటి నిర్వచిస్తే చాలు, అసర్షన్లన్నీ మాయమైపోతాయి.

ఇంతవరకు నాకు అర్థమైంది. ఆ తరువాత ఆమె చెప్పిన సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆ సామగ్రితో వచ్చే సీ భాష కంపైలరు, క్లాంగ్, పరీక్ష రకంలో విలువల పేర్లను అలాగే ఉంచుతుంది. మనుషులు చదువుకోవడానికి వీలుగా ఉంటుందని. జనానికి ఇచ్చే రకంలో మాత్రం, వేరే చెప్పకపోతే, మెమరీ ఆదా కోసం ఆ పేర్లను పారేస్తుంది. అంటే పేర్లు ఖాళీ అయ్యేది ముఖ్యంగా ధ్రువీకరణలు లేని రకంలో. ధ్రువీకరణలు ఉన్న రకంలో పేర్లు నిండుగా ఉంటాయి.

"కాపలావాడు ఉన్న ఇంటికి దొంగ రాడు మావయ్యా. దొంగ వచ్చే ఇంటికి కాపలావాడు ఉండడు" అంది.

కాపలా లేనిచోట ఖాళీ పేరులో మొదటి అక్షరం అడిగితే ఏమవుతుంది? ఆ జాగాలో అంతకుముందు ఇంకెవరిదో మిగిలిపోయిన అక్షరం చేతికి రావచ్చు. చాలాసార్లు ఏమీ జరిగినట్టు కనిపించదు. ఒక్కోసారి తప్పుడు తర్జుమా వస్తుంది. ఒక్కోసారి కూలుతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు బాగా నడిచే తప్పుకంటే, ప్రతిసారీ కూలే తప్పే నయమని ఆమె అభిప్రాయం. క్యాషు తేడా విషయంలో నా అభిప్రాయమూ అదే. రోజూ వంద రూపాయలు తక్కువ వస్తుంటే కారణం పట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చే తేడాయే ప్రాణం తీస్తుంది.

దీనికి విరుగుడు చాలా తేలికైనది. "మొదటి అక్షరం చుక్కా?" అని కాకుండా "ఈ పేరు చుక్కతో మొదలవుతుందా?" అని అడగాలి. దానికి వేరే సాధనం ఉంది. ఖాళీ పేరును అడిగినా అది బెదరకుండా "లేదు" అంటుంది. ధ్రువీకరణ ఉన్నా లేకున్నా జవాబు ఒకటే. ప్రశ్నను మార్చడంతోనే ప్రమాదం పోయింది.

పేరు ఖాళీగా ఉండడమనేది మనకు కాగితాల మీద కూడా అనుభవమే. తరాల నాడు తమిళదేశానికి వెళ్లి స్థిరపడిన మన కుటుంబాలలో చాలామంది ఇంటిపేరు వదిలేసి, ఇరుగుపొరుగులాగా తండ్రి పేరులోని పొడి అక్షరంతో సరిపెట్టుకున్నారు. పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు గడి ఖాళీ. అమెరికా వీసాలో, ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు చోట పెట్టి, సొంత పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చువేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. పాపం, కొత్తగా వెళ్లిన పిల్లలను అక్కడి ఆఫీసులలో అదే పేరుతో పిలిచిన సందర్భాలు ఉన్నాయి! 2022 నవంబరులో యూఏఈ వారు, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లకు సందర్శక వీసా మీద ప్రవేశం లేదన్నారు. తరువాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే చాలని సడలించారు. ఖాళీ గడి న్యాయమైనదేనని ఫారం తయారుచేసిన రోజు ఎవరికీ తోచలేదు. నిక్షేపంలాంటి మనిషి గుమ్మంలో నిలబడిపోయాడు.

కౌంటరు వేరు, పుస్తకం వేరు

అలాగని ప్రతి ఖాళీకీ ఒక అసర్షను పెట్టి ఊరుకుంటే సరిపోతుందా? పోదు. ఈ విషయంలో ఎల్ఎల్‌వీఎం వారి మార్గదర్శకాలలో ఒక విభజన ఉంది. బ్యాంకు మనిషిగా నాకు అది బాగా నచ్చింది. తప్పులు రెండు రకాలు. ప్రోగ్రాము రాసినవాడి సొంత తప్పు ఒకటి. అది జరగనే కూడదు, జరిగితే అసర్షనుతో ఆపేయాలి. రెండోది బయటి నుంచి వచ్చేది: ఫైలు దొరకకపోవడం, ఇచ్చిన సమాచారం సగంలో తెగిపోవడం వంటివి. వీటికి అసర్షను తగదు. మర్యాదగా తప్పు తెలియజేసి, కోలుకునే దారి చూపాలి.

కౌంటరు దగ్గరికి వచ్చిన ఖాతాదారు చలానాలో మొత్తం గడి నింపడం మరిచిపోతే మనం శాఖ తలుపులు మూసేయం గదా! "ఇది నింపి ఇవ్వండి" అని తిప్పి ఇస్తాం. అదే, మన లెడ్జరులో మనం వేసిన పద్దులు కుదరకపోతే పని ఆపి తీరాలి. ఖాళీ ఎవరి వల్ల వచ్చిందన్నదాన్ని బట్టి మర్యాద మారుతుంది. ఖాళీ ఫైలు ఇచ్చినవాడి మీద అసర్షను పడి కంపైలరు కూలిపోతే, అది కంపైలరుకే అప్రతిష్ఠ. అందుకే ఖాళీని గుమ్మం దగ్గరే పలకరించాలి. నిల్ అని తీసుకోవడమో, సందేశం ఇచ్చి తిప్పి పంపడమో అక్కడే తేలిపోవాలి. గుమ్మం దాటాక లోపలి గదుల్లో "ఇక్కడికి ఖాళీ రాదు" అని ధైర్యంగా అసర్షను పెట్టుకోవచ్చు. అది కూడా మొదటి అంశాన్ని ముట్టుకోకముందే పెట్టాలి, ముట్టుకున్నాక కాదు. షరతు పక్కనే కారణాన్ని కూడా నాలుగు మాటల్లో రాసి ఉంచడం వారి ఆచారం. రేపు అది పేలినప్పుడు చూసేవాడు రాసినవాడు కాకపోవచ్చు.

ఇంకో మెలిక చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు. కొందరు అసర్షను లోపలే పని కూడా చేయించేస్తారు. "జాబితాలోంచి ఒకటి తీశాను, అది దొరికింది" అని ఒకే వాక్యంలో తీయడమూ, ధ్రువీకరించడమూ. జనానికి ఇచ్చే రకంలో అసర్షను మాయమైనప్పుడు దానితోపాటు తీసే పనీ మాయమవుతుంది. సరిచూసే అధికారి చేతనే నోట్లు కూడా లెక్కపెట్టించి, తనిఖీ అక్కరలేదని ఆయన్ను సెలవు మీద పంపితే, ఆ రోజు నోట్లు లెక్కపెట్టినవాడే ఉండడు.

అసలు జనానికి ఇచ్చేటప్పుడు తనిఖీలను తీసేయడమే విడ్డూరమని టోనీ హోర్ 1973లోనే రాశాడు. నేల మీద అభ్యాసం చేసేటప్పుడు ప్రాణరక్షక కవచం తొడుక్కుని, సముద్రంలోకి వెళ్లేటప్పుడు విప్పేసే పడవవాడితో పోల్చాడు. కొలంబోలో పుట్టిన ఈ పెద్దమనిషే 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషకు, దేన్నీ చూపని చిరునామాను, అంటే 'నల్'ను, చేర్చాడు. పెట్టడం అంత తేలిక గనుక పెట్టేశానని, దానివల్ల లోకానికి కలిగిన నష్టం శతకోటి డాలర్లు ఉండవచ్చని 2009లో ఒక సభలో తనే చెప్పుకున్నాడు.

ఆ నల్ చిరునామా, ఖాళీ జాబితా కలిస్తే వచ్చిన తంటా వినండి. సీ భాషలో ఒకచోటి నుంచి మరోచోటికి ఇన్ని బైట్లు నకలు చేయమని చెప్పే సాధనాలున్నాయి. వాటికి ఇచ్చే చిరునామాలు సరైనవి కావాలని, నకలు చేసేది సున్నా బైట్లయినా సరేనని ప్రమాణగ్రంథం పట్టుబట్టింది. ఖాళీ జాబితాకు చిరునామా ఉండదు, నల్ ఉంటుంది. ఎక్కడి నుంచో కాదు, ఏమీ కాదు, నకలు చేయమన్నది సున్నా. ఇందులో ప్రమాదమేముందని ఎవరైనా అనుకుంటారు. 2014లో వచ్చిన జీసీసీ 4.9 కంపైలరు ఇలా తర్కించింది: ఈ చిరునామాను నకలు సాధనానికి ఇచ్చారు గనుక అది నల్ అయి ఉండదు, కాబట్టి ఆ తరువాత "నల్ అయితే ఆగు" అని ప్రోగ్రామరు రాసుకున్న జాగ్రత్త అనవసరం. అనవసరమని దాన్ని తీసేసింది! సంతకం మొదటి కౌంటరులో చూసే ఉంటారని రెండో కౌంటరు వాళ్లు చూడడం మానేసినట్టు. కంపైలరు నియమం తప్పలేదు. నియమమే ఖాళీని మరిచిపోయింది. 2024లో సీ భాషా సంఘం, సున్నా బైట్లకు నల్ చిరునామా ఇచ్చినా తప్పు లేదని రాబోయే ప్రమాణంలో చేర్చడానికి ఒప్పుకుంది. చిన్న సవరణే. యాభై ఏళ్లు దాటిన భాషకు ఇప్పటికి కుదిరింది.

ఇదంతా ప్రోగ్రామర్ల ఇంటి గొడవ అనుకోవడానికి లేదు. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళానికి చెందిన యార్క్‌టౌన్ అనే యుద్ధనౌకలో ఒక గడిలో సున్నా నమోదు చేశారు. ఎక్కడో దానితో భాగహారం జరిగి, చోదక వ్యవస్థ ఆగిపోయి, ఓడ రెండున్నర గంటలకు పైగా నీళ్లమీద ఊరికే నిలబడింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ రక్షణ ప్రోగ్రాముకు పంపిన కొత్త సమాచారం మరీ ఘోరం. కొత్త నమూనాలో 21 గళ్లు ఉన్నాయి. వాటిని చదివే భాగానికి అందుతున్నవి 20 విలువలే. అంతకుముందు పరీక్షలన్నిటిలోనూ 21వ గడికి "ఏదైనా ఫర్వాలేదు" అని ఉండడంతో ఎవరూ ఆ గడిలోకి తొంగి చూడలేదు. ఆ రోజు చూడాల్సి వచ్చింది, అక్కడ ఏమీ లేదు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన దేశంలో పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్పంగా ఇబ్బంది కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. హైదరాబాదు విమానాశ్రయంలో ఇండిగో వారు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తరువాత ఆ సంస్థ చేసిన దిద్దుబాట్లలో ఒకటి, గళ్ల సంఖ్యా విలువల సంఖ్యా సరిపోయాయో లేదో తమ కంపైలరులోనే సరిచూడడం. బయలుదేరే ముందు చూసుకోవలసిన లెక్క అది. రెండో దిద్దుబాటు, చదివేటప్పుడు కూడా హద్దు చూసుకోవడం. రెండూ కావలసినవే.

మా మేనకోడలి బృందంలో ఏ కొత్త భాగం రాసినా మొదటి నాలుగు పరీక్షలు ఇవట: అక్షరమే లేని ఫైలు, ఒక్క ఖాళీ వరస మాత్రమే ఉన్న ఫైలు, పేరు ప్రకటించి లోపల ఏమీ రాయని ఫంక్షను, విలువలేవీ అందుకోని పిలుపు. కష్టమైన పరీక్షలు ఆ తరువాతే.

అక్షరమే లేని ఫైలు అన్నాను గనుక, దాని గురించి పెద్దలకే ఏకాభిప్రాయం లేదని కూడా చెప్పాలి. సీ భాష ప్రమాణం ప్రకారం ఫైలులో కనీసం ఒక ప్రకటనైనా ఉండాలి. దాని తమ్ముడు సీ ప్లస్ ప్లస్ ఖాళీ ఫైలును ఒప్పుకుంటుంది. ఐబీఎం పెద్ద కంప్యూటర్లలో ఏ పనీ చేయకుండా తిరిగి రావడమే పనిగా గల 'ఐఈఎఫ్‌బీఆర్14' అనే ప్రోగ్రాము ఉంది. మొదట్లో అందులో ఒకే ఒక్క ఆదేశం, దానిలోనూ దోషం! పని సవ్యంగా ముగిసిందని తెలిపే అంకెను సున్నా చేయకుండానే తిరిగి వచ్చేది. దిద్దేసరికి ప్రోగ్రాము రెండింతలయింది. నిల్ స్టేట్‌మెంటు మీద సంతకం మరిచినట్టే గదా.

అర్థం కాకుండా రాసిన సీ ప్రోగ్రాములకు అంతర్జాతీయంగా ఒక సరదా పోటీ జరుగుతుంటుంది. 1994లో ఒకరు, తన పాఠాన్ని తానే అచ్చువేసుకునే ప్రోగ్రాములలో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదేనంటూ ఒక ఫైలు పంపారు. అందులో ఒక్క అక్షరం లేదు. నడిపితే ఏమీ అచ్చువేయదు, కాబట్టి తనను తాను అచ్చువేసుకున్నట్టే. న్యాయనిర్ణేతలు నవ్వుకుని నిబంధనలను ఘోరంగా దుర్వినియోగం చేసినందుకు బహుమతి ఇచ్చి, ఇకమీదట పంపే ప్రోగ్రాము దానికంటే కనీసం ఒక్క అక్షరమైనా పెద్దదిగా ఉండాలని ప్రకటించారు.